ఫుట్ కంట్రోలర్ బటన్లకు ఎఫెక్టులు కేటాయించే ముందు జాగ్రత్తలు

బాస్ (Boss) కంపెనీ వారి కటానా-100 గిటారు ఆంప్లిఫయర్‌కు, కాలితో నొక్కే బటన్లున్న జీఏ-ఎఫ్‌సీ ఫుట్ కంట్రోలర్‌ను కలిపే ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, పవర్ ఆపివేయాలి. ఈ రెంటినీ కలపవలసినది స్టీరియో కేబుల్; దాని ప్లగ్ మీద రెండు నల్లటి పట్టీలుంటాయి కనుక, ఒకే పట్టీ ఉన్న మామూలు గిటారు కేబుల్‌ను పొరపాటున పెట్టకూడదు.

కటానాలో ఒక్కో ఎఫెక్టుకు, అంటే గిటారు ధ్వనిని మార్చే ప్రభావానికి, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు అని మూడు రకాలు దాచుకోవచ్చు. అందుచేత ఏ రంగులో ఏది ఉందో కాగితం మీద రాసుకున్న తరువాతే మార్పులు మొదలుపెట్టాలి. సెట్టింగులను దాచే ఛానెల్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే కొత్త సెట్టింగు పాతదాన్ని చెరిపేసి కూర్చుంటుంది. కాబట్టి నచ్చినవాటి నకలు ముందే కంప్యూటర్‌లో ఉంచుకోవడం మేలు.

కేటాయింపు ముగిశాక, వేదిక మీద వేసుకునే బూట్లతోనే నిలబడి ప్రతి బటన్‌నూ నొక్కి చూడాలి. చేతివేలికి ఎడంగా తోచిన రెండు బటన్లూ వెడల్పాటి బూటు కింద ఒకేసారి పడిపోవచ్చు.