బరంపురంలో పాత మేడను పట్టుచీరల షాపుగా మార్చడం ఎలా?

ఒడిశాలోని బరంపురం పాత బజారు వీధుల్లో తాతల నాటి మేడలు ఇంకా ఉన్నాయి. సున్నం గోడలు, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ (ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో వేసిన కప్పు), వీధివైపు అరుగు. వాటిని పడగొట్టి అద్దాల డబ్బా కట్టడం కంటే బాగుచేసుకుని షాపు పెట్టడమే నయం. కాకపోతే చాలామంది నేరుగా ఇంటీరియర్ డిజైనర్ దగ్గరికి పరుగెడతారు. అంతకంటే ముందు గోడ సంగతి చూడాలి.

మొదట కాగితాలు. అన్నదమ్ముల వాటాలు తేల్చుకుని, కార్పొరేషన్‌లో అనుమతి తీసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు ఉంటే మరమ్మతుకు కూడా విడిగా అనుమతి కావాలి.

తర్వాత పైకప్పు. దూలం మధ్యలో బాగానే కనిపిస్తుంది, గోడలో దూరిన కొసే ముందు పుచ్చుతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే. 2013లో ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, కాబట్టి ఎక్కడైనా పెంకులో రేకులో ఉంటే గట్టిగా బిగించారో లేదో ఇంజనీరుకు చూపించండి.

ఇక అసలు పని గోడలది. పాత సున్నం గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే తిరిగి ఉప్పు పూస్తుంది, పెచ్చులు ఊడతాయి, పక్కనున్న చీరలకు బూజు పడుతుంది. అందుకే ఎవరో ఎప్పుడో పూసిన సిమెంటును మెల్లగా చెక్కించి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుకతో మళ్ళీ పూత వేయించండి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే పద్ధతి తెలిసిన ముసలి మేస్త్రి దొరికితే వదలకండి. సున్నం గాలి తగిలి గట్టిపడుతుంది, దానికి వారాలు పడుతుంది. మేస్త్రి తొందరపెట్టినా మీరు తొందరపడకండి. ముహూర్తం గోడ ఆరాకే పెట్టించుకోండి. పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు, సున్నమే కొట్టించండి.

వైరింగ్ మొత్తం కొత్తదే. టేకు కప్పు కింద బట్టల షాపు, ఇక్కడ పొదుపు చేస్తే నిప్పుతో చెలగాటమే. ఏసీకి వేరే లైను, షాక్ కొట్టకుండా ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి.

లోపల అలంకారం ఎంత తక్కువైతే అంత బాగుంటుంది. అలమరలను గోడకు రెండంగుళాలు ఎడంగా పెట్టండి. తెల్లటి చల్లని లైట్ల కింద జరీ పాలిపోయినట్టు కనిపిస్తుంది. 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్ఈడీలు అడగండి. పడమటి ఎండ పట్టు మీద నేరుగా పడకుండా తెరలు కట్టండి. కుర్చీలతో పాటు ఒక పక్క పరుపు పరిచి ఉంచండి, చీరను పూర్తిగా విప్పి చూపడానికి దానికి మించినది లేదు. అరుగు పడగొట్టకండి. వృద్ధుల కోసం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున ర్యాంపు కట్టిస్తే చాలు.

బోర్డు మీద ఒడియా తప్పనిసరి, కింద తెలుగు కూడా రాయించండి. దాన్ని బిగించడానికి ముఖద్వారం పైనున్న సున్నపు పూల నగిషీలో మాత్రం మేకులు దింపనివ్వకండి. వసారా దూలానికి ఇనుప ఫ్రేము కట్టించి, దానికి వేలాడదీయించండి.