పండక్కి ఊరొస్తున్నారా? హెడ్‌లైటు వెలుగును మించిన వేగం వద్దు

సంక్రాంతి దగ్గరపడితే ఆనందపురం నుంచి ఇచ్ఛాపురం దాకా పదహారో నంబరు హైవే కిక్కిరిసిపోతుంది. సొంతూళ్ళకు వచ్చే కార్లు, బైకులు ఒకపక్క. గడ్డి ట్రాక్టర్లు, ధాన్యం బస్తాల ఆటోలు, చీకటి పడేవేళ ఇంటికి మళ్ళే గేదెలు ఇంకోపక్క. అన్నిటికీ అదే రోడ్డు.

80లో వెళ్తున్న బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి, అదేమిటో బుర్రకు తట్టి, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి సుమారు సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 70. డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది మాత్రం 40, 50 మీటర్లే. 60లో వెళ్తే 45 మీటర్లలో ఆగొచ్చు. అందుకే రాత్రి డిమ్ లైటు మీద నడిపేటప్పుడు 60 దాటొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

రణస్థలం దాటాక ఒకసారి నా ముందు గడ్డి ట్రాక్టరు నిలిచిపోయి ఉంది. వెనక లైటు గడ్డి కింద కప్పబడిపోయింది. వెనక సీట్లో మా అమ్మ. రెండు బారల దూరంలో కారు ఆగింది. ఇంకాస్త స్పీడుగా ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

అడ్డు కనిపించగానే స్టీరింగు విసురుగా తిప్పకండి, పక్క లేన్‌లో బస్సు ఉండొచ్చు. ముందుగా బ్రేకు గట్టిగా తొక్కండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో పెడల్ అదురుతుంది, భయపడి కాలు తీయకండి. బ్రేకు అలాగే పట్టి, పక్కన ఖాళీ ఉంటే కొద్దిగా తిప్పొచ్చు. బైకైతే నిటారుగా ఉంచి రెండు బ్రేకులూ కలిపి వేయండి. ఆరబోసిన ధాన్యం మీద మాత్రం బ్రేకు వేస్తే జారిపోతారు, దూరం నుంచే నెమ్మదించండి.

ముందు బండికి తగినంత దూరంలో ఉన్నారో లేదో తెలియాలంటే, అది ఏదైనా స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టండి. మీరు అక్కడికి చేరేసరికి మూడు సెకన్లు కావాలి. వానలోనూ మంచులోనూ ఇంకా ఎక్కువ.

తెల్లవారుజామున నాగావళి, వంశధార వంతెనల దగ్గర పొగమంచు పట్టినప్పుడు హై బీమ్ వేస్తే కళ్ళముందు తెల్లగోడే. డిమ్ వేసి, ఎడమ అంచు గీత చూసుకుంటూ వెళ్ళండి. నిద్ర ముంచుకొచ్చేదీ ఆ వేళే. కునుకు వస్తుంటే టీతో సరిపెట్టుకోకండి. హైవే దిగి, దీపాలున్న చోట అరగంట పడుకోండి. ఇంటివాళ్ళు ఎదురుచూస్తారు, ఏం పర్లేదు.

ట్రాక్టరు ఉన్న రైతులకు ఒక విన్నపం. తొట్టి వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి, గడ్డి వాటిని కప్పకుండా చూడండి. బండి చెడితే చుట్టూ రాళ్ళు పేర్చి, బాగయ్యాక వాటిని రోడ్డు మీదే వదిలి వెళ్ళొద్దు. తర్వాత వచ్చే బైకువాడికి ఆ రాయి కనపడదు.

హైవే మీద బండి ఆగిపోతే 1033కి, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి. ఆ రెండు నంబర్లూ బయల్దేరేముందే ఫోన్‌లో ఎక్కించుకోండి.