పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్‌లోకి, 4వ పాఠం: మాట వెనకబడుతోంది

పోయిన పాఠం చూసి క్యాప్చర్ (క్యాసెట్ ఆడిస్తూ కంప్యూటర్‌లోకి రికార్డు) చేసినవాళ్లలో చాలామందిది ఒకటే గోల. మొదట్లో మంత్రం పంతులుగారి నోటితో కలిసే ఉంది, తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి ఆయన నోరు మూశాక వినిపిస్తోంది. ఎడిటింగ్ తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి తేలాలి.

దెబ్బ కనబడి, వినబడే చోట్లు మూడు వెతకండి: మొదట్లో, నడుమ, చివర. కొబ్బరికాయ రాయికి తగలడం, డోలు మీద పుల్ల పడటం బాగా పనికొస్తాయి. ఒంగోలు వైపు బండలాగుడు క్యాసెట్ అయితే చెర్నాకోల దెబ్బ చూడొచ్చు గానీ, దూరం నుంచి తీసిన షాట్ వద్దు. 34 మీటర్ల దూరానికి శబ్దమే 0.1 సెకను ఆలస్యంగా వస్తుంది. దెబ్బ పడిన ఫ్రేముకూ వేవ్‌ఫామ్‌లో (శబ్దాన్ని గీతగా చూపే బొమ్మలో) మొనకూ మధ్య ఎన్ని ఫ్రేములో రాసుకోండి. మన క్యాసెట్ల వీడియో పద్ధతి అయిన పాల్‌లో ఫ్రేమంటే 40 మిల్లీసెకన్లు.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే శబ్దం ట్రాక్ మొత్తం జరపండి, అయిపోయింది.

తేడా పెరుగుతూ పోతోందా? బొమ్మ వచ్చే పసుపు పిన్ను డాంగిల్‌కు (యూఎస్‌బీకి పెట్టే క్యాప్చర్ పరికరానికి), శబ్దం వచ్చే ఎరుపు తెలుపు పిన్నులు కంప్యూటర్ వెనక నీలం సాకెట్‌కు (లైన్ ఇన్) పెట్టి ఉంటారు. బొమ్మకొక గడియారం, శబ్దానికింకొకటి. సౌండ్‌కార్డు సెకనుకు 48,000 బదులు 48,010 శాంపుళ్లు (శబ్దం కొలతలు) తీసినా గంటకు 0.75 సెకను వెనకబడుతుంది. దీనికి నడుమ నోరు కలిసేదాకా ట్రాక్ జరిపి ఊరుకుంటున్నారు. మంగళసూత్రం దగ్గర కలుస్తుంది, మొదట్లో మాట ముందుంటుంది, చివర వెనకుంటుంది. దయచేసి ఆ పని మానండి. ముక్కలు కోసి జరపడం ఇంకా ఘోరం, నాదస్వరం మధ్య కోత చెవికి తెలిసిపోతుంది.

లెక్క కట్టండి. 5వ నిమిషంలో 2 ఫ్రేములు, 55వ నిమిషంలో 17 ఫ్రేములు వెనక ఉందనుకుందాం. 50 నిమిషాల్లో, అంటే 75,000 ఫ్రేముల్లో 15 పెరిగాయి: 0.02 శాతం. శబ్దం ఎడిట్ చేసే ఆడాసిటీలో చేంజ్ స్పీడ్‌కు (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) వెళ్లి శాతం దగ్గర 0.02 వేయండి. చేంజ్ టెంపో జోలికి పోవద్దు. ఆ తర్వాత ఇంకా తేడా మిగిలితే ట్రాక్ జరపండి. ఈసారి మాత్రం మూడు పిన్నులూ డాంగిల్‌కే పెట్టి, ఆడియో సోర్స్‌గా కూడా దాన్నే ఎంచుకోండి.

తేడా ఉన్నట్టుండి గెంతితే ఫ్రేములు పడిపోయినట్టు, అంటే రికార్డు కాకుండా పోయినట్టు. 25 పడితే శబ్దం సెకను వెనకబడుతుంది. క్యాప్చర్ చేసే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్‌లో డ్రాప్డ్ (పడిపోయిన ఫ్రేముల) అంకె చూడండి. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డు చేయడం, డాంగిల్‌ను హబ్‌కు పెట్టడం మానండి. దీనికి స్పీడు మార్చినా లాభం లేదు, మళ్లీ క్యాప్చర్ చేయాల్సిందే.

అభ్యాసం: గంట క్యాసెట్‌ను నీలం సాకెట్‌తో ఒకసారి, డాంగిల్‌తో ఒకసారి పూర్తిగా క్యాప్చర్ చేసి, రెండింట్లోనూ ఐదేసి చోట్ల తేడా ఫ్రేముల్లో రాయండి. డాంగిల్ దాంట్లో మొదటి చోటుకూ చివరి చోటుకూ తేడా ఒక ఫ్రేమ్‌కంటే ఎక్కువ మారితే 5వ పాఠం అప్పుడే మొదలుపెట్టొద్దు.