ఫారిన్ పార్సిల్ బిల్లు వాచిపోతోందా? సమస్య - పరిష్కారం

బిల్లు ఎక్కువొచ్చిందనగానే అందరూ కొరియర్ వాళ్ళని రేటు తగ్గించమని బతిమాలుతారు గానీ, చిన్న వ్యాపారాలకి డబ్బు పోయేది ఎక్కువగా కిలో రేటులో కాదు, దాని కింద పడే మిగతా లైన్లలో. పోయిన నెల ఇన్వాయిస్ ఎదురుగా పెట్టుకుని చూడండి, ఏ లైన్ దగ్గర బొక్క పడుతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

2 కిలోలు పంపితే 6 కిలోలకి బిల్లేశారు

ఇది మోసం కాదు, వాల్యూమెట్రిక్ వెయిట్. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన నంబర్ అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జ్. 40×30×25 పెట్టె అంటే 30000, అంటే 6 కిలోలు, లోపల దూది పెట్టినా అంతే. అదే సరుకు 30×25×16 పెట్టెలో పడితే 2.4, అర కిలోకి రౌండ్ చేసి 2.5 కడతారు. బేరమాడి ఇంత తగ్గించుకోవడం ఎవరివల్లా కాదు.

కాబట్టి అట్టపెట్టెలు ఆర్డర్ చేసేముందే ఈ లెక్క వేసుకోండి, చవగ్గా వస్తున్నాయని ఒకే పెద్ద సైజు కొనేయకండి. బట్టల్లాంటివైతే పెట్టె మానేసి కవర్లో పంపండి. ఇంకోటి, బబుల్ ర్యాప్ కుక్కితే పెట్టె పొట్ట ఉబ్బుతుంది, ఉబ్బిన చోటే కొలుస్తారు. టేపు ఆనించి ఒక ఫోటో, కాటా మీద ఒక ఫోటో తీసి ఉంచుకుంటే తర్వాత వాదించడానికి పనికొస్తాయి. 2 కిలోల లోపు సరుకైతే పోస్టులో ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్ రేటు కూడా అడిగి చూడండి, లేటవుతుంది గానీ చాలాసార్లు చవక.

కస్టమర్ పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపేశాడు

తలుపు దగ్గర డ్యూటీ కట్టమన్నారు, దానిమీద కొరియర్ వాళ్ళ ఫీజు కూడా కలిపారు, ఆయనకి ఒళ్ళు మండింది. మీరు డీఏపీలో (డెలివర్డ్ ఎట్ ప్లేస్, అంటే పన్ను కట్టకుండా అడ్రస్ దాకా చేర్చే పద్ధతిలో) పంపితే జరిగేది ఇదే, పన్ను కొన్నవాడి నెత్తిన పడుతుంది. చిన్న పార్సిళ్ళకి డ్యూటీ ఉండదులే అన్న పాత సలహా నమ్మకండి: యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు సరుకుకిచ్చే వ్యాట్ మినహాయింపుని 2021 జూలై 1న తీసేసింది, అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకిచ్చే డ్యూటీ మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఆపేసింది.

ఎక్కువ ఆర్డర్లు వచ్చే దేశాలకి డీడీపీ (డెలివర్డ్ డ్యూటీ పెయిడ్, అంటే డ్యూటీ పంపేవాళ్ళే కట్టే పద్ధతి) పెట్టేసి, పన్ను చెకౌట్‌లోనే వసూలు చేయండి. యూరప్‌కి 150 యూరోల లోపువి రెగ్యులర్‌గా పంపుతుంటే ఐఓఎస్ఎస్ (అమ్మేటప్పుడే యూరప్ వ్యాట్ వసూలు చేసి కట్టేసే ఏర్పాటు) రిజిస్ట్రేషన్ గురించి అడగండి. డ్యూటీ తప్పించుకోడానికి విలువ తగ్గించి రాయడం, గిఫ్ట్ అని రాయడం మాత్రం వద్దే వద్దు, దొరికితే పెనాల్టీ, పార్సిల్ పోతే క్లెయిమ్ కూడా మీరు రాసిన ఆ తక్కువ విలువకే.

కస్టమ్స్‌లో ఇరుక్కుని స్టోరేజ్ చార్జ్ పడింది

ఇన్వాయిస్‌లో శాంపిల్, యాక్సెసరీస్ అని రాసి ఉంటారు. అది ఏంటి, దేంతో చేసింది, దేనికి వాడతారు అన్నీ రాయాలి. హెచ్ఎస్ కోడ్ (వస్తువు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబర్) వేయండి, మొదటి 6 అంకెలు దాదాపు అన్ని దేశాల్లో ఒకటే, ఆ తర్వాతవే మారతాయి. లిథియం బ్యాటరీ ఉంటే ముందే చెప్పండి.

అదే బరువు, అదే దేశం, వారానికో రకం బిల్లు

ఫ్యూయల్ సర్‌చార్జ్. చాలా కంపెనీలు వారం వారం మారుస్తాయి, మనం ఆపలేం, షిప్పింగ్ రేటు పెట్టుకునేటప్పుడే కొంచెం మార్జిన్ కలుపుకోవాలి. తప్పు అడ్రస్ సరిచేసినందుకు వేసే అడ్రస్ కరెక్షన్ చార్జీ మాత్రం మన చేతిలోదే, చెకౌట్‌లో పిన్‌కోడ్, ఫోన్ నంబర్ తప్పనిసరి చేసేయండి.

రిటర్న్ వచ్చిన మన సరుకుకే మళ్ళీ డ్యూటీ అడిగారు

కాగితాల్లో అది మామూలు ఇంపోర్ట్ లాగా వచ్చింది మరి. కస్టమర్‌కి పంపే రిటర్న్ లేబుల్ మీద, ఇన్వాయిస్‌లో రిటర్న్డ్ గూడ్స్ అని రాయించి, మొదట ఎగుమతి చేసినప్పటి ట్రాకింగ్ నంబర్, ఇన్వాయిస్ కాపీ జత చేయించండి. తక్కువ ధర వస్తువైతే వెనక్కి తెప్పించకండి, డబ్బు తిరిగిచ్చేయడమే చవక.