సముద్రపు నీటి కూలింగ్: స్వయంబోధిని – 4వ భాగం: స్ట్రెయినర్ మూత విప్పే ముందు

పోయిన భాగంలో సీ చెస్ట్ దగ్గర, అంటే సముద్రపు నీరు ఓడలోకి వచ్చే పెట్టె దగ్గర, ఆగాం. లోతు తక్కువ ఉన్న రేవుల్లో బురద లాగకుండా పై సీ చెస్ట్‌ను, నడిసముద్రంలో ఓడ ఊగినప్పుడు గాలి లాగకుండా కింది దాన్ని వాడతామని చెప్పుకున్నాం. అక్కడి నుంచి పంపుకు చేరేలోపు నీరు దాటవలసిన పెద్ద జల్లెడే స్ట్రెయినర్. ఇనుప డబ్బా, లోపల చిల్లుల బుట్ట, పైన బోల్టులతో బిగించిన మూత. చూడటానికి ఇంతకంటే అమాయకమైన వస్తువు ఇంజను గదిలో ఉండదు. అందుకే దీనికి ఒక భాగమంతా ఇస్తున్నాను.

"హైదరాబాదులో కూర్చుని ఇవన్నీ ఎలా నేర్చుకోవాలి సార్, సముద్రమే దాదాపు 300 కిలోమీటర్ల దూరం కదా" అని కూకట్‌పల్లి కుర్రవాడొకడు అడిగాడు. ఓడ దొరకదు, నిజమే. రాణిగంజ్‌లో పాత బటర్‌ఫ్లై వాల్వు (పైపులో గుండ్రటి డిస్కు అడ్డంగా తిరిగి నీటిని ఆపేది) ఒకటి దొరుకుతుంది. కొని ఇంటికి తెచ్చి విప్పి చూడండి. అదీ వద్దనుకుంటే మీ అపార్ట్‌మెంటు డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంది. ఈ పాఠంలో సగం దాని దగ్గరే నేర్చుకోవచ్చు.

పోయిన వేసవిలో సైనిక్‌పురిలోని మా అపార్ట్‌మెంటుకు కొళాయి మార్చడానికి ప్లంబరు వచ్చాడు. డాబా ఎక్కి గేటు వాల్వు మూసి, దిగి వచ్చి, పానా పట్టుకునే ముందు వంటింటి కొళాయి పూర్తిగా తిప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ధార సన్నబడింది, దారమంత అయింది, కానీ ఆగలేదు. బోరు నీటి సున్నపు పొర వాల్వు లోపల పేరుకుపోయి, గేటు పూర్తిగా కూర్చోవడం లేదు. అతను మళ్లీ పైకి వెళ్లి, రెండు మూడుసార్లు తెరిచి మూసి, నీటి వేగంతోనే ఆ పొరను కడిగించి దిగాడు. "చక్రం తిరిగినంత మాత్రాన నీళ్లు ఆగినట్టు కాదండీ" అన్నాడు. ఓడ మీద నేను చాలా ఏళ్లు చెప్పిన పాఠం అతను ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఇప్పుడు అదే సంగతి ఓడ కొలతల్లో చూద్దాం. స్ట్రెయినర్ మూత నీటిమట్టానికి 7 మీటర్ల కింద ఉందనుకోండి. సముద్రపు నీరు ఘనపు మీటరుకు 1,025 కిలోలు. అంటే మూత మీద లోపలి నుంచి దాదాపు 0.7 బార్ ఒత్తిడి. ఈ అంకె వినగానే కుర్రవాళ్లు పెదవి విరుస్తారు, సైకిల్ ట్యూబులో అంతకంటే ఎక్కువ ఉంటుంది కదా అని. మూత వ్యాసం 500 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం మీద ఆ 0.7 బార్ చూపే మొత్తం బలం దాదాపు 1.4 టన్నులు. మూత చుట్టూ ఒక సెంటీమీటరు సందు ఏర్పడితే సెకనుకు సుమారు 110 లీటర్లు ఇంజను గదిలోకి వస్తాయి. మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల జలమండలి ట్యాంకరు నిండటానికి 45 సెకన్లు చాలు. తేడా ఏమిటంటే, ట్యాంకరు నిండితే ఆగుతుంది. సముద్రం ఆగదు.

అందువల్ల మూత దగ్గరికి వెళ్లే ముందు చాలా పని ఉంది. డ్యూటీ ఇంజనీరుకు, బ్రిడ్జికి (ఓడను నడిపే గదికి) చెప్పండి. ఇరుకు కాలువలోనో, రేవులోకి వచ్చేటప్పుడో ఈ పని పెట్టుకోకండి. రెండో సీ చెస్ట్ వాల్వును ముందుగా పూర్తిగా తెరిచి, పంపు సక్షన్ (నీరు లాగే వైపు), డిశ్చార్జి (నీరు తోసే వైపు) గేజీలు నిలకడగా ఉన్నాయని చూసిన తర్వాతే శుభ్రం చేయవలసిన వైపు వాల్వులు మూయాలి. స్ట్రెయినర్‌కు ముందుదీ, తర్వాతదీ రెండూ. వెనకవైపు వాల్వు వదిలేస్తే రెండు వైపులూ కలిసే ఉమ్మడి పైపులోంచి నీరు తిరిగి వస్తుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వాల్వు రిమోట్‌తో నడిచేదైతే దాని గాలి లేదా హైడ్రాలిక్ సరఫరా కట్టివేయాలి. లేకపోతే కంట్రోల్ రూములో ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే బటన్ నొక్కుతారు. చేతి చక్రమైతే గొలుసు వేసి తాళం పెట్టండి. "మనుషులు పనిలో ఉన్నారు, తెరవరాదు" అన్న పలకను కట్టి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి.

ఇక నీరు ఆగిందో లేదో నీటినే అడగాలి. మూత మీద గాలి వదిలే చిన్న కొళాయి, వెంట్ కాక్, అడుగున నీరు వదిలేది, డ్రెయిన్ కాక్ ఉంటాయి. రెండూ తెరవండి. మొదట నీరు చిమ్ముతుంది, తర్వాత తగ్గుతుంది, చివరికి ఆగుతుంది. ఆగకపోతే వాల్వు కూర్చోలేదని అర్థం. డిస్కుకూ సీటుకూ మధ్య ఆల్చిప్ప ఒకటి ఇరుక్కున్నా చాలు, బయటి ముల్లు మాత్రం "మూసి ఉంది" అనే చూపిస్తుంది. ప్లంబరు చేసినట్టే తెరిచి మూసి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆ రోజుకు ఆ పని లేదు. కాక్‌లు మూసి, వాల్వు పాడైందని రాసి పెట్టి వెనక్కి రండి.

నీరు ఆగితే? ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి.

ఫోర్త్ ఇంజనీరుగా నా మొదటి ఓడ. డ్రెయిన్ తెరిచాను. గ్లాసెడు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. వెంట్ పొడిగా ఉంది. సంతోషంగా నాలుగు నట్లు పూర్తిగా తీసేసి ఐదోదాని మీద స్పానర్ పెట్టాను. సెకండ్ ఇంజనీరు మెట్ల మీంచి చూస్తున్నాడు. ఏమీ అనకుండా దిగి వచ్చి, జేబులోంచి వెల్డింగ్ రాడ్ ముక్క తీసి డ్రెయిన్ కాక్‌లోకి దూర్చాడు. రెండుసార్లు గుచ్చేసరికి నల్లటి బురద ముద్ద ఒకటి, దాని వెనకే నా ముంజేతి మందం ధార. కాక్ మూసుకుపోయి ఉంది. పైన వెంట్‌లోనూ ఉప్పు పెచ్చులు గడ్డకట్టి ఉన్నాయి. డబ్బా నిండా నీరు, వెనక సముద్రం, ముందు నేను. ఆయన నన్ను తిట్టలేదు. తీసిన నాలుగు నట్లూ నా చేతే మళ్లీ వేయించాడు. అది తిట్టుకంటే ఎక్కువ.

నీరు రాకపోవడం కూడా రుజువు కాదన్నమాట. కాక్ తెరిచి, తీగతో గుచ్చి, దారి ఉందని తేల్చుకున్నాకే దాని మాట నమ్మాలి.

మూత విప్పే తీరు సంగతి. ఏ నట్టూ పూర్తిగా తీయకండి. అన్నిటినీ నాలుగైదు మరలు మాత్రమే వదులు చేసి, మీకు ఎదురుగా అవతలివైపున మూతను సన్నటి ఉలితో లేపండి. నీరు చిమ్మితే మీ మొహానికి కాక అవతలికి పోతుంది, నట్లు ఇంకా మరల మీదే ఉన్నాయి కాబట్టి వెంటనే బిగించవచ్చు. సందులోంచి నీరు కారి, సన్నబడి, ఆగిందా? ఇప్పుడు నట్లు తీయండి.

లోపల దొరికేవి చెబితే నవ్వొస్తుంది. ప్లాస్టిక్ సంచులు, జెల్లీ చేపలు, పీతలు, ఒకసారి నాకు చెప్పు ఒకటి. పీత కరుస్తుంది, ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది, చేతికి మందపాటి తొడుగులు లేకుండా బుట్టలో చెయ్యి పెట్టకండి. అంతకంటే ముఖ్యం, చాలా రోజులు మూసి ఉంచిన స్ట్రెయినర్‌లో చచ్చిన జీవులు కుళ్లి ఉంటాయి. వేసవిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున వచ్చే కుళ్లిన గుడ్ల వాసన తెలుసు కదా, హైడ్రోజన్ సల్ఫైడు. అదే వాయువు ఈ డబ్బాలోనూ ఉండవచ్చు. మూత తీయగానే తల లోపల పెట్టి తొంగిచూడకండి, గాలి ఆడనివ్వండి. వాసన తగ్గిందని ధైర్యపడకండి, ఆ వాయువు కాసేపటికి ముక్కునే మొద్దుబారుస్తుంది. అన్నట్టు, మురికి రేవుల్లో ఇత్తడి, రాగి గొట్టాలను తినేసేది కూడా ఈ సల్ఫైడే.

బుట్ట కడిగాక వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. చిల్లు చిల్లుగా విడివిడిగా కనిపించాలి. రెండు చిల్లులు కలిసి ఒక పెద్ద రంధ్రమైన చోట బుట్ట అరిగిపోయింది, అక్కడి నుంచి చెత్త నేరుగా కూలర్‌కు, అంటే ఇంజను వేడిని సముద్రపు నీరు తీసుకునే చోటికి, పోతుంది. అడుగు అంచు డబ్బా లోపలి గట్టు మీద సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే నీరు బుట్టను తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోతుంది. డబ్బా లోపలి రబ్బరు పొరలో గీత పడిందేమో వేలితో తడిమి చూడండి. ఆ గీత కింద ఇనుము పుచ్చు పన్నులా లోలోపల తినుకుపోతుంది.

స్ట్రెయినర్‌లోనో, కూలర్ మూతలోనో జింకు యానోడ్ ఉంటే దాన్నీ చూడాలి. ఇనుముకు బదులు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. సగానికి పైగా కరిగితే మార్చండి. దాని మీద రంగు మాత్రం వేయకండి, వేస్తే పని చేయదు. ఏడాదైనా కొత్తదానిలా మెరుస్తున్న యానోడ్‌ను చూసి మెచ్చుకోకండి. బోల్టు దగ్గర తుప్పో, రంగో అడ్డుపడి ఇనుముతో దానికి సంబంధం తెగిపోయి ఉంటుంది.

మూసేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేసి, నట్లను ఎదురెదురుగా బిగించి, లోపలికి తెచ్చే వాల్వును కొద్దిగా మాత్రమే తెరవండి. వెంట్ కాక్ నుంచి బుసలు కొడుతూ గాలి వచ్చి, తర్వాత బుడగల్లేని ధార వచ్చేదాకా ఆగండి. తొందరపడి గాలి ఉండగానే రెండో వాల్వు తెరిస్తే ఆ గాలి పంపులోకి వెళ్లి, పంపు నీటిని పట్టలేక ఉత్తినే తిరుగుతుంది. మీ వెనక ఇంజను వేడెక్కుతుంది, ముందు చీఫ్ ఇంజనీరు.

ఇక ఉష్ణోగ్రతలు. ఈ విషయం వచ్చే భాగంలో విడమరిచి చెబుతాను, ఇప్పుడు ఒక్క సూత్రం. ఇంజను పారేసే వేడి ఎంతో దాని లోడే నిర్ణయిస్తుంది, కూలర్ కాదు. గంటకు 400 ఘనపు మీటర్ల సముద్రపు నీరు 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతోందంటే, సెకనుకు 114 కిలోలు, కిలోకు డిగ్రీకి దాదాపు 4 కిలోజౌళ్లు, అంటే సుమారు 4,550 కిలోవాట్లు. లోడు మారనంతవరకు ఈ అంకె మారదు. నీరు తగ్గితే డిగ్రీలు పెరగాలి, తప్పదు. బయటికి పోయే నీరు 50 డిగ్రీలు దాటితే సున్నపు లవణాలు పొరగా దిగడం మొదలవుతుంది, ఆ పరిస్థితి రానివ్వకండి.

కూలర్ పలకల మీద పొర పేరుకుంటే అది మొదట ఉష్ణోగ్రతలో కనిపించదు. ఇంజనును చల్లబరిచే మంచినీటి వైపు ఉన్న మూడు దారుల వాల్వు తన దారి మార్చుకుని ఆ మంచినీటిని 36 డిగ్రీల దగ్గర పట్టి నిలుపుతూనే ఉంటుంది. నెల క్రితం నీటిలో సగం కూలర్‌లోకి, సగం పక్కదారిలో పంపిన ఆ వాల్వు ఈ రోజు అదే లోడులో, అదే సముద్రపు వేడిలో మొత్తం కూలర్‌లోకే పంపుతోందంటే, కూలర్ శక్తి అయిపోయిందని చెబుతోంది. 36 నిలకడగా ఉందని లాగ్ పుస్తకంలో టిక్ పెట్టేవాళ్లు ఈ మాట వినరు. లాగ్‌లో ఆ వాల్వు స్థానానికి గడి లేకపోతే మీరే గీసుకోండి.

ఈ వారం అభ్యాసం. సముద్రపు నీరు లోపలికి 29, బయటికి 39 ఉండేది. లోడు మారలేదు. ఈ రోజు బయటికి 44. పంపు సక్షన్ గేజీ 0.3 బార్ నుంచి సున్నా కిందకు దిగింది, డిశ్చార్జి కూడా 2.2 నుంచి 1.8కి తగ్గింది, పంపులో గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు. నీరు ఎంత వంతుకు తగ్గింది? అడ్డు పంపుకు ముందుందా, తర్వాతా? డిశ్చార్జి 1.8కి తగ్గడానికి బదులు 2.6కు పెరిగి ఉంటే మీ జవాబు మారుతుందా? కాగితం మీద లెక్క వేసి ఉంచుకోండి, 5వ భాగంలో అక్కడి నుంచే ప్లేట్ కూలర్ విప్పుదాం.