ఆస్ట్రేలియా పీఆర్‌కు రీజినల్ స్టడీ పాయింట్లు: కాలేజీతో పాటు అద్దె ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది

ఆస్ట్రేలియాలో పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) దారితీసే 189, 190, 491 స్కిల్డ్ వీసాలకు కనీసం 65 పాయింట్లు ఉండాలి. అయితే చాలా వృత్తుల్లో ఇన్విటేషన్ (వీసాకు దరఖాస్తు చేయమనే ఆహ్వానం) అంతకంటే ఎక్కువ పాయింట్లు ఉన్నవారికే వస్తుంది కనుక, రీజినల్ ప్రాంతంలో చదివినందుకు దక్కే 5 పాయింట్లను తేలికగా తీసుకోకూడదు.

ఈ 5 పాయింట్లు విడిగా రావు. ముందుగా ఆస్ట్రేలియన్ స్టడీ నిబంధన నెరవేరాలి, దానికి వేరుగా మరో 5 పాయింట్లు ఉంటాయి. క్రికోస్‌లో (విదేశీ విద్యార్థులకు అనుమతించిన కోర్సుల ప్రభుత్వ జాబితాలో) నమోదైన కోర్సును, చదువుకు అనుమతి ఉన్న వీసాపై, ఆ దేశంలోనే ఉండి, ఇంగ్లిష్ మాధ్యమంలో పూర్తి చేయాలి. కోర్సు నమోదిత వ్యవధి మొత్తం 92 వారాలు ఉండాలి, చదువు 16 నెలలకు తక్కువ కాకుండా సాగాలి. మన బీటెక్ పట్టభద్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాత చదువుకు క్రెడిట్ ఇప్పించుకుని రెండేళ్ల మాస్టర్స్‌ను ఏడాదిన్నరకు కుదించుకుంటే ఫీజు మిగులుతుంది కాని, మినహాయింపు పొందిన భాగం 92 వారాల్లోకి రాదు కనుక రెండు అయిదులూ పోవచ్చు. ఫెయిలై మళ్లీ చదివిన సబ్జెక్టుల కాలాన్ని కూడా అదనంగా కలపరు.

తరువాత చూడవలసింది ప్రాంతం. 2019 నవంబర్ 16 నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగర ప్రాంతాలు తప్ప మిగతా దేశమంతా రీజినల్ కిందికే వస్తుంది. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, గోల్డ్ కోస్ట్, జీలాంగ్ కూడా అందులో ఉన్నాయి. లెక్క పోస్ట్‌కోడ్‌ను బట్టే గాని యూనివర్సిటీ పేరును బట్టి కాదు. గ్రిఫిత్ యూనివర్సిటీలోనే గోల్డ్ కోస్ట్ క్యాంపస్ రీజినల్ అవుతుంది, బ్రిస్బేన్‌లోని నేథన్ క్యాంపస్ కాదు. అందువల్ల అడ్మిషన్ పత్రంలో ఏ క్యాంపస్ రాశారో ఫీజు కట్టే ముందే చూసుకోవాలి. దూరవిద్యగా చేసిన చదువు దీనికి పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువ మంది మరచిపోయేది నివాసం. చదివిన కాలంలో ఉన్న ఇల్లు కూడా రీజినల్ పోస్ట్‌కోడ్‌లోనే ఉండాలి. జీలాంగ్‌లోని డీకిన్ క్యాంపస్‌లో చేరి, తెలిసినవాళ్లు ఉన్నారని, మన వంట దొరుకుతుందని మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో గది తీసుకుని రోజూ రైల్లో వెళ్లి వచ్చే విద్యార్థికి ఈ పాయింట్లు రావు. టార్నీట్ స్టేషన్ జీలాంగ్ లైన్‌లోనే ఉండటంతో ఆ ఏర్పాటు సహజంగానే తోస్తుంది, కాని నిబంధన రైలు మార్గాన్ని చూడదు.

రుజువులను మొదటి నెల నుంచే పోగుచేయాలి. లీజులో మీ పేరు ఉండేలా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. షేరింగ్‌లో ఉంటూ అద్దెను నగదుగా ఇచ్చేవారికి రెండేళ్ల తరువాత చూపడానికి ఏమీ మిగలదు కాబట్టి, అద్దెను బ్యాంకు ద్వారానే పంపి, బాండ్ (అడ్వాన్స్ డిపాజిట్) రసీదు, కరెంటు లేదా ఇంటర్నెట్ బిల్లు, ఆ చిరునామాకు వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోవాలి. లీజు స్నేహితుని పేరుమీద ఉంటే, మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అక్కడ ఉన్నారో అతనిచేత స్టాట్యుటరీ డిక్లరేషన్ (చట్టబద్ధమైన ప్రమాణ పత్రం) రాయించుకోవచ్చు. చదువు వైపున మార్కుల ట్రాన్‌స్క్రిప్టుతో పాటు కంప్లీషన్ లెటర్ కావాలి. అందులో కోర్సు మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, క్యాంపస్ పేరు ఉండాలి, లేకపోతే యూనివర్సిటీని అడిగి రాయించుకోవాలి.

స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఈఓఐ (ఆసక్తి తెలిపే ఫారం) నింపేటప్పుడు రీజినల్ ప్రాంతంలో ఉంటూ చదివారా అన్న ప్రశ్నకు అవునని పెడితే పాయింట్లు వాటంతటవే కలుస్తాయి, ఆ దశలో పత్రాలు అడగరు. ఈ సౌలభ్యంలోనే ప్రమాదం ఉంది. చెప్పిన పాయింట్లు ఇన్విటేషన్ వచ్చిన నాటికి నిజమై ఉండాలి కనుక, చివరి సెమిస్టర్ ఫలితాలు రాకముందే వాటిని చూపకూడదు. ఇన్విటేషన్ తరువాత 60 రోజుల్లో దరఖాస్తు చేయాలి. రుజువు చాలక పాయింట్లు తగ్గితే వీసా తిరస్కరణకు గురికావచ్చు, కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు. దొంగ అద్దె పత్రం పెట్టి పట్టుబడితే మూడేళ్ల నిషేధం కూడా పడవచ్చు.

ఇప్పటికే మహానగరంలో చదువు ముగించినవారికి ఈ దారి మూసుకున్నట్టే అయినా, అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటి (NAATI) సంస్థ నిర్వహించే సీసీఎల్ అనే భాషా పరీక్షను తెలుగులో రాసి ఉత్తీర్ణులైతే అంతే విలువైన 5 పాయింట్లు వేరే పద్దు కింద వస్తాయి.