శుభలేఖ ముక్కలతో తీరిన తలనొప్పి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు పోషించే ఆటలో, 2014 రూల్స్ ప్రకారం, నాది 5వ లెవెల్ క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర. స్పెల్ స్లాట్లు, అంటే మంత్రాలు వేసే అవకాశాలు, ఒకటి, రెండు, మూడో స్థాయిలకు వరసగా 4, 3, 2. వాడినవి పాత్ర వివరాల షీట్ మీద కొట్టేసి, మళ్లీ చెరిపి చెరిపి కాగితానికి చిల్లే పడింది.

ఇంట్లో పడున్న పాత శుభలేఖలు కత్తిరించి, వెనక ఖాళీ వైపు స్లాట్‌కో ముక్క చొప్పున తొమ్మిది రాసుకున్నా. వాడగానే బోర్లా, లాంగ్ రెస్ట్ (ఆటలో పాత్ర తీసుకునే పెద్ద విశ్రాంతి) అయ్యాక అన్నీ వెల్లకిలా. ఛానెల్ డివినిటీ అనే క్లెరిక్ ప్రత్యేక శక్తి షార్ట్ రెస్ట్‌కే (చిన్న విశ్రాంతికే) తిరిగొస్తుంది కాబట్టి దాని ముక్కకు పసుపు అంచు గీశా.

అసలు ఉపయోగం రూపాయి బిళ్లది. కాన్సంట్రేషన్ కావాల్సిన, అంటే ఒకసారికి ఒకటే నడపగలిగే మంత్రాలకు మాత్రం విడిగా కార్డులు రాసి, వేసినదాని మీద బిళ్ల పెడతా. బ్లెస్ మీద నుంచి తీస్తేనే స్పిరిట్ గార్డియన్స్‌కు దొరుకుతుంది. అంతకుముందు ఒక ఫైట్ మొత్తం రెండూ కలిపి నడిపేశా, ఎవరూ పట్టుకోలేదు, నేనూ చెప్పలేదు.